తట్టని పడవ

“దీవి దాటిపోయాం. ఎడమకి తిప్పండి తిప్పండి అని ఇందాకట్నుంచీ మొత్తుకుంటున్నాను.”

“తిప్పాను కదే.”

“ఎక్కడ తిప్పారు? మీరు తిప్పమంటే తిప్పరు, అమ్ముదామంటే అమ్మరు. ఇంక ఆ చుక్కాని పట్టుకుని కూర్చోవడం దేనికి?”

“చుక్కాని సంగతి వేరు, అమ్మకం సంగతి వేరు. రెండూ కలిపి రుబ్బకు.”

“రుబ్బుతాను. ముప్పై ఏళ్ళుగా ఊరందరి పడవలూ తట్టారు. మన పడవని ఒక్కసారి తట్టారా?”

“ఎవరి పడవ వాళ్ళు తట్టుకోకూడదు. మా పనిలో అది నియమం.”

“నియమం కాదు. భయం.”

ఆ మాట తర్వాత పైనుంచి ఫ్లాస్కు మూత తిప్పిన చప్పుడు. తర్వాత టీ పోసిన చప్పుడు, రెండుసార్లు. పోట్లాట ఎంత ముదిరినా రెండో గ్లాసు మానేసే అలవాటు ఆ ఇద్దరికీ లేదు.

నేను పక్క పడవ కింద వెల్లకిలా పడుకుని దాని అడుగు తుడుస్తున్నాను. కావాలని వినలేదు. చెవులు మూసుకోనూ లేదు.

ఇక్కడ ఒక సంగతి చెప్పేయాలి. ఆ దీవి ఎక్కడా లేదు. ఆ పడవ నీళ్ళలో లేదు. పడవల యార్డులో ఆఖరి వరసలో, తుప్పు పట్టిన క్రేను పక్కన, నాలుగు ఇనుప కాళ్ళ మీద, నేలకి నిలువెత్తు పైన ఉంది. నీళ్ళు అక్కడికి రెండు వందల అడుగులు. పదకొండేళ్ళుగా వాన నీళ్ళు తప్ప వేరే నీళ్ళు దాన్ని తాకలేదు. ఓడలు బళ్ళవుతాయి, బళ్ళు ఓడలవుతాయి అంటారు. ఇది ఏదీ కాకుండా మధ్యలో ఆగిపోయింది.

రోజూ సాయంత్రం అయిదింటికి మొగుడూ పెళ్ళాలు నిచ్చెన వేసుకుని అందులోకి ఎక్కుతారు. ఆయన చుక్కాని పట్టుకుంటాడు. ఆవిడ ఒళ్ళో మ్యాపు పరుచుకుంటుంది. ఆ మ్యాపు కొన్నది కాదు, పడవల మీద కప్పే కవర్లకి కొలతలు కత్తిరించుకునే మందపు కాగితం వెనకాల ఆవిడే పెన్సిలుతో గీసింది. ఒక కాగితం అయిపోతే ఇంకోటి అతికిస్తుంది. ఆరున్నరకి ఎక్కడిదాకా వచ్చారో అక్కడ చుక్క పెట్టి దిగిపోతారు. మర్నాడు ఆ చుక్క దగ్గర్నుంచి మళ్ళీ మొదలు. వానొస్తే పైన టార్పాలిన్ లాక్కుని ప్రయాణం సాగిస్తారు.

మొదటి వారం చూసి, ఇద్దరికీ ఒకేసారి పిచ్చెక్కడం అరుదు అనుకున్నాను. ఆ ముక్క యార్డు ఓనరుతో అన్నాను కూడా. “ఎక్కితే ఎక్కనీ, ఇద్దరికీ ఒకే పిచ్చి. అదృష్టవంతులు” అన్నాడాయన.

ఆ చుక్కాని పట్టుకునే ఆయన్ని యార్డులో అందరూ సుత్తి మాస్టారు అంటారు. సుత్తి అంటే మాటలతో ప్రాణం తీసే రకం అనుకునేరు. మనిషి రోజుకి పది మాటలు మాట్లాడితే ఎక్కువ. ఆయన సుత్తి నిజం సుత్తి. జానెడు పిడి, కోడిగుడ్డంత చెక్క తల. దాంతో పడవ అడుగుని తట్టి, లోపల పుచ్చిందో లేదో చెప్పడం ఆయన వృత్తి. పుచ్చకాయ కొనేవాడు తట్టి చూసినట్టే. పుచ్చకాయ పోతే పోయేది చిరుతిండి, ఇక్కడ పోయేది ప్రాణం.

ఆయన పని చేస్తుంటే చూడ్డం నాకు ఇష్టం. ముందు పడవ లోపల ఉన్నదంతా కిందికి దింపించేవాడు, తాళ్ళు, పరుపులు, నీళ్ళ డబ్బాలు, ఆఖరికి చెంచాలు కూడా. తర్వాత చెప్పులు విప్పేసి, కళ్ళు మూసుకుని, ఎడమ అరచెయ్యి చెక్క మీద ఆనించి, కుడి చేత్తో తట్టుకుంటూ ముందుకి నడుస్తాడు. టక్, టక్, టక్. గట్టి చెక్క ఖంగున పలుకుతుంది. పుచ్చిన చోట బొద్దుగా, తడిగుడ్డ మీద కొట్టినట్టు ఉంటుంది. అక్కడ ఆగి సుద్దముక్కతో గుండ్రం గీస్తాడు. అంతే. గుండ్రాలు ఎన్నో లెక్క చూసుకుని కొనేవాడు కొంటాడు, లేదంటే దండం పెట్టి పోతాడు. బేరం సంగతి ఆయన మాట్లాడడు. ఎవరి తరఫునా ఒక మాట ఎక్కువ చెప్పడు.

చిన్నప్పుడు టింబర్ డిపోలో దుంగలు తట్టేవాడట. మోసే బలం లేదు గనక తట్టే పని ఇచ్చారని నవ్వాడు. ఆ చెవితోనే ఇక్కడికి వచ్చాడు. ఈయనకి ఈత రాదు. రేవు చివరి మెట్టు దాటి నీళ్ళ మీదకి ఒక్కనాడూ పోలేదు. ముప్పై ఏళ్ళు అందరి పడవలూ బాగున్నాయో లేవో చెప్పి పంపించడమే. అందరూ నీళ్ళ మీదకి పోయారు. ఈయన గట్టునే ఉన్నాడు.

నేను యార్డుకి ఎలా వచ్చానన్నది పెద్ద కథేం కాదు. రెండో ఏడాదిలో కాలేజీ మానేశాను, ఒకచోట కూర్చోలేక. ఓనరుకి నాలుగు ముక్కలు రాసి, ఫోనుతో ఫోటో తీసేవాడు కావలసి వచ్చాడు. అమ్మకానికొచ్చిన పడవలని తుడిచి, ఎండ పడే వైపు నిలబెట్టి ఫోటో తీసి, ప్రకటన రాయడం నా పని. “ఒకే చేతిలో ఉన్నది. కుటుంబానికి అనువైనది.” రెండు వాక్యాలూ అబద్ధమే, చాలాసార్లు.

నేను చేరిన కొత్తలో ఒక ధర రాస్తే నెల్లాళ్ళు నిలిచేది. తర్వాత వారం. ఈ చలికాలానికి పొద్దున రాసింది సాయంత్రానికి పాతబడిపోతోంది. జనానికి ఒక్కసారిగా నీళ్ళ మీదకి పోవాలనిపించింది. ఎందుకో నాకు తెలీదు. ఇళ్ళల్లో కూర్చుని కూర్చుని గోడలు మొహం మొత్తాయని ఓనరు అంటాడు. కొత్త పడవ కావాలంటే ఇరవై నెలలు ఆగాలి. పడవ తయారై ఉంటే ఇంజను రాదు. ఇంజను వస్తే దాన్ని లాక్కెళ్ళే బండి దొరకదు. ఒకాయన కూతురికి నడక రాకముందు ఆర్డరిచ్చి, మొన్న తీసుకోవడానికి వచ్చాడు. చెయ్యి పట్టుకుని కూతురు నడిచొచ్చింది. పడవని చూసి “చిన్నది నాన్నా” అంది.

కొత్తవి దొరక్క అందరూ పాతవాటి మీద పడ్డారు. పెరట్లో బోర్లా పడేసినవి, పిల్లలు ఆడుకుంటున్నవి, మట్టి నింపి పూలమొక్కలు పెంచుతున్నది ఒకటి, అన్నీ వచ్చాయి, అన్నీ పోయాయి. ఆ పూలమొక్కలదానికి మట్టి దులిపి “సహజమైన పచ్చదనంతో” అని రాశాను. గంటలో అమ్ముడైంది.

ఈ గొడవలో మాస్టారి పని పోయింది. ఇదివరకు తట్టకుండా ఎవరూ కొనేవాళ్ళు కాదు. ఇప్పుడు తట్టించేలోపు ఇంకొకడు ఎగరేసుకుపోతాడని భయం. “మాస్టారూ, ఇప్పుడు తట్టి చూడ్డమంటే రైలు కదిలాక టికెట్టు ధర అడిగినట్టు” అని ఓనరు నవ్వేవాడు. అయినా మాస్టారు రోజూ పొద్దున ఎనిమిదింటికి సంచీ భుజాన వేసుకుని వచ్చి, గేటు పక్కన బోర్లించిన డబ్బా మీద కూర్చునేవాడు. ఎవరైనా పిలుస్తారని. నాలుగు నెలల్లో ఇద్దరు పిలిచారు. అందులో ఒకడు టైమెంతని అడగడానికి.

ఖాళీగా ఉండలేక నాకు తట్టడం నేర్పాడు. అమ్ముడైపోయిన పడవల మీదే, ఎవరికీ నష్టం లేకుండా. కళ్ళు మూసుకోమనేవాడు. “చెక్క మాట విను. నువ్వేం వినాలనుకుంటున్నావో అది వినకు” అనేవాడు. నేను బొద్దు అన్నచోట ఆయన తల ఊపడం మొదలయ్యేసరికి రెండు నెలలు పట్టింది. ఒకరోజు ఓనరు ముందే ఒక పడవ తట్టి “ఇది కట్టెల కింద అమ్ముకోండి” అన్నాను. ఓనరు నన్ను తిట్టాడు. ఆయన వెళ్ళాక మాస్టారు “నీ నోరు దురుసు. ఈ పనికి కావలసింది అదే” అన్నాడు. నా జీవితంలో నా నోటిని మెచ్చుకున్న మనిషి ఈయనొక్కడే.

ఇంతలో కంటి డాక్టరొకాయన ఫోన్ చేశాడు. వేరే పడవ కోసం నేను తీసిన ఫోటోలో మూలన మాస్టారి పడవ పడింది. నున్నటి నడుము, పొట్టి తెరచాప కొయ్య, కూర్చోవడానికి చిన్న గది. అది కావాలన్నాడు. వచ్చి చూసుకోండి అంటే, చూడక్కర్లేదు, శనివారం మధ్యాహ్నంలోగా ఔనో కాదో చెప్పమన్నాడు. కంటి డాక్టరు చూడకుండా కొంటానంటున్నాడని యార్డంతా నవ్వుకున్నారు. ఆయన చెప్పిన ధర విన్నాక నవ్వు ఆగిపోయింది. నేను రెండుసార్లు అడిగి నిర్ధారించుకున్నాను. మాస్టారు దాన్ని కొన్న ధర ఈ రోజుల్లో దాని లంగరుకి కూడా రాదు.

ఆ కబురు యార్డు పక్క మేడలో మూడో అంతస్తు దాకా పాకింది. మాస్టారి భార్య అక్కడే పడవలకి కాన్వాసు కవర్లు కుడుతుంది. నేను ఆవిణ్ణి పిన్ని అంటాను. మొదటిసారి “అమ్మగారూ” అంటే, “నీకు జీతం ఇచ్చేది నేను కాదు, పిన్నీ అను” అంది. చాప చుట్టలా ఉండే కాన్వాసుని భుజం మీద పెట్టుకుని ఆ మెట్లు ఎక్కడం కుర్రాళ్ళ వల్లే కాదు, ఆవిడ అరవై దాటాక కూడా ఎక్కుతోంది. గదిలో పెద్ద మిషను, గోడకి సూదుల డబ్బాలు, ఒక్కటే కిటికీ. కిటికీ తెరిస్తే మూరెడు దూరంలో పక్కింటి గోడ, దాని మీద నీళ్ళ గొట్టం. “నాకూ నీళ్ళు కనిపిస్తాయి అబ్బాయ్, గొట్టం కారినప్పుడు” అనేది.

ఆ రోజు ఓ కవరు తెద్దామని వెళ్ళి, గుమ్మంలో దేనికో కాలు తగిలి బొటనవేలు పగలగొట్టుకున్నాను. తలగడంత మూట. కాన్వాసు తొడిగి, అంచులు ముద్దుగా కుట్టి ఉంది.

“ఏముంది పిన్నీ ఇందులో, రాళ్ళా?”

“ఇసుక. మా పడవలో దొరికింది. పాత గుడ్డ చివికిపోతే కొత్తది తొడిగాను. తలుపు గాలికి కొట్టుకోకుండా బాగా ఆపుతుంది.”

“మనుషుల్ని కూడా.”

“చూసుకుని నడిచేవాళ్ళని ఆపదు” అంటూ వేలికి గుడ్డముక్క కట్టింది. కడుతూ అసలు సంగతి చెప్పింది. రేవు మొదట్లో ఒకప్పటి టికెట్ల గది అమ్మకానికి ఉంది. కింది అంతస్తు. మెట్లు లేవు. గోడంత కిటికీ, తెరిస్తే మొత్తం నీళ్ళే. మిషను ఆ కిటికీ కింద పెట్టుకుంటే చాలు. గది వాళ్ళూ శనివారం దాకే ఆగుతామన్నారు. పడవ అమ్మితే గది వచ్చేస్తుంది.

“మరి ఆ రోజూ ప్రయాణాలు?” అన్నాను.

ఆవిడ దారం పళ్ళతో కొరికింది. “ఆయనకి నీళ్ళ మీద ఉండాలి. నాకు నీళ్ళు కనిపిస్తే చాలు. పదకొండేళ్ళుగా దింపుదాం దింపుదాం అంటాను, ముందు తట్టాలి అంటాడు. తట్టండి అంటే నియమం అంటాడు. దింపడు, తట్టడు, అమ్మడు. పుచ్చిందని వినాల్సొస్తుందని భయం. నేను మాత్రం ఎన్నాళ్ళు గీస్తాను చెప్పు? కాగితం మీద సముద్రాలన్నీ అయిపోయాయి.”

ఆ సాయంత్రం నన్నూ పడవ ఎక్కమంది. మనిషి ఎక్కువైతే పోట్లాట తగ్గుతుందని కాబోలు.

ఎక్కాను. లోపల గది ఇద్దరికి సరిపోతుంది, ముగ్గురికి ఇరుకు. రెండు మడత కుర్చీలు, ఫ్లాస్కు, చుట్ట చుట్టిన మ్యాపులు ఓ బుట్టనిండా. దీపం తగిలించే ఇత్తడి కొక్కెం చేప ఆకారంలో ఉంది. దానికి మాస్టారి టోపీ వేలాడుతోంది. మాస్టారు చుక్కాని మీద చెయ్యి వేసి కూర్చున్నాడు. నేను నవ్వాపుకుంటున్నాను.

తర్వాత ఏమైందో సరిగ్గా చెప్పలేను. నీళ్ళ వైపు నుంచి పొగమంచు పాకుతూ వచ్చింది. ముందు గేటు పోయింది. తర్వాత ఓనరు గది, తర్వాత క్రేను. కింద ఇనుప కాళ్ళు పోయాయి. చుట్టూ తెలుపు తప్ప ఇంకేం లేదు. ఎక్కడో ఒక తాడు కొయ్యకి తగిలి మెల్లగా టింగు టింగుమంటోంది. పిన్ని గొంతు తగ్గించి “ఇప్పుడు లోతు ఎక్కువ” అంది. మాస్టారు చుక్కాని అంగుళం కదిపాడు. ఒట్టు, పడవ ఊగింది. అంచు పట్టుకున్నాను.

“కుడి పక్క దీపాలు కనిపిస్తున్నాయా?” అన్నాడు మాస్టారు.

వీధి దీపాలవి. నాకు తెలుసు. మంచులో వరసగా, ఏ ఊరో తెలీని ఊరి రేవులా ఉన్నాయి. “కనిపిస్తున్నాయి” అన్నాను.

“ఆగుదామా?” అని పిన్నిని అడిగాడు.

“వద్దు. ఆ ఊళ్ళో మనకెవరూ తెలీదు. ఇలాగే పోదాం.”

పోయాం. ఎంతసేపో తెలీదు. మనుషులు నిద్రపోయే ముందు మాట్లాడే గొంతులతో వాళ్ళిద్దరూ ఏవేవో చెప్పుకున్నారు. టింబర్ డిపోలో వానాకాలం వాసన. పిన్ని మొదటి మిషను పెడలు చప్పుడు. మూడేళ్ళ కిందట ‘దాటిన’ రాతి వంతెన కింద చీకట్లో ఇద్దరూ కలిసి కూత వేసిన సంగతి. లేని వంతెన కింద వేసిన కూతని ఇద్దరూ గుర్తు చేసుకుని నవ్వుకున్నారు. నేనూ నవ్వాను. ఆరున్నరకి పిన్ని మ్యాపులో చుక్క పెట్టింది. నిచ్చెన దిగి నేల మీద కాలు పెడితే నేల గట్టిగా, కొత్తగా అనిపించింది. గేటు దాటేదాకా సరిగ్గా నడవలేకపోయాను.

ఇక్కడ ఇంకొకాయన గురించి చెప్పాలి. ప్రతి సోమవారం పొద్దున పది కొట్టకముందే ఒక ఫోను వస్తుంది. మందుల షాపాయన. మనిషిని చూడలేదు, గొంతే తెలుసు. చిన్న పడవ ఏదైనా వచ్చిందా అని అడుగుతాడు. వచ్చింది, పోయింది అంటాను. ధర అడుగుతాడు, చెబుతాను, “వచ్చే సోమవారం చేస్తానులే బాబూ” అని పెట్టేస్తాడు. విసుక్కోడు. అదే నాకు విసుగు.

ఈ సోమవారం ఆయన ఇంకాస్త మాట్లాడాడు. “పెద్దదేం వద్దు బాబూ. ఇదివరకు నాకు ఒకటుండేది. లోపల దీపం కొక్కెం చేపలా ఉండేది, మా ఆవిడ ముచ్చటపడి చేయించింది. పదకొండేళ్ళయింది. పుచ్చిందని మీ యార్డులోనే చెప్పారు. ఆ చెప్పినాయన పేరున్న మనిషి, అబద్ధం చెప్పడు. సరేనని అక్కడే వదిలేశాను. అప్పట్లో పడవలకేం కొదవ, ఇంకోటి కొనుక్కోవచ్చులే అనుకున్నాను. ఇప్పుడు నా వల్ల అయ్యేలా లేదు.”

ఫోను పెట్టేశాక మాస్టారి టోపీ వేలాడిన ఆ చేప కొక్కెమే కళ్ళ ముందు ఉంది. నాకు మనసులో దాచుకోవడం రాదు. అయినా ఎలా అడగాలో తోచక నాలుగు రోజులు ఓపిక పట్టాను. నాకది రికార్డు. శుక్రవారం మధ్యాహ్నం, మొదట్లో చెప్పిన పోట్లాట విన్నాక, ఇంక ఆగలేదు. భోజనాల వేళకి ముందే ఆ వేళ ఇద్దరూ పడవెక్కారు, చివరి రోజని కాబోలు. పిన్ని ముందు దిగి, నా వైపు చూడకుండా వెళ్ళిపోయింది. మాస్టారు నిచ్చెన దిగేదాకా ఆగి, ఎదురెళ్ళి నిలబడ్డాను.

“మాస్టారూ, ఈ పడవ మందుల షాపాయనదా?”

ఆయన నిచ్చెన తీసి పక్కన పడుకోబెట్టాడు. చేతులు దులుపుకున్నాడు. నీళ్ళు నములుతున్నాడని తెలుస్తోంది.

“అవును” అన్నాడు.

“పుచ్చిందని చెప్పింది మీరేనా?”

“నేనే.”

“చెప్పి మీరే కొనుక్కున్నారా?”

“అలా అడుగుతారనే పదకొండేళ్ళుగా ఎవరికీ చెప్పలేదు. ఓనరుకి తెలుసు. మనిషి మంచివాడు, మరిచిపోయినట్టు నటిస్తాడు.”

డబ్బా లాక్కుని కూర్చున్నాడు. నేను నేల మీద కూర్చున్నాను. ఆ రోజు ఆయన మాట్లాడినన్ని మాటలు అంతకు ముందు రెండేళ్ళలో మాట్లాడి ఉండడు.

పదకొండేళ్ళ కిందట ఆ రోజు వాన వెలిసిన పొద్దు. మందుల షాపాయనకి పదింటికి షాపు తెరవాలి. గడియారం చూసుకుంటూ నిలబడ్డాడు. పడవ నడిపేటప్పుడు బరువు కుదరడానికి ఏవేవో పెట్టుకుంటారు, అవన్నీ దింపడానికి గంట పడుతుంది. పైపైన తట్టి చెప్పండి మాస్టారూ అన్నాడు. ముప్పై ఏళ్ళలో లోపల ఖాళీ చేయించకుండా తట్టింది ఆ ఒక్కసారే. చుక్కాని నుంచి నాలుగో పలక బొద్దుగా పలికింది. మళ్ళీ తట్టాడు, మళ్ళీ బొద్దుగానే. సుద్దతో గుండ్రం గీశాడు. దీన్ని నీళ్ళలో దింపకండి అన్నాడు. షాపాయన తలూపి, పడవ మీద ఒకసారి చెయ్యి వేసి వెళ్ళిపోయాడు.

ఆరు నెలలకి యార్డువాళ్ళు దాన్ని కట్టెల కింద కోసేద్దామనుకున్నారు. రంపం కూడా తెచ్చారు. ఆ నడుము చూసి మాస్టారికి ప్రాణం ఒప్పలేదు. కట్టెల ధరకి కొన్నాడు. అందులో దొంగబుద్ధి లేదని నాకు ఒట్టు వేసి చెప్పబోతే వద్దన్నాను. కొన్న మర్నాడు లోపల శుభ్రం చేస్తుంటే, నాలుగో పలకకి ఆనుకుని, మూల ఇరికించి, వాన నీళ్ళు పీల్చి బండలా ఉన్న ఇసుక మూట దొరికింది.

“గోడకి తడిపరుపు ఆనించి తట్టితే గోడ ఎలా పలుకుతుంది?” అన్నాడు.

గుమ్మంలో నా వేలు పగలగొట్టిన మూట గుర్తొచ్చింది.

“అందరూ నేను పుచ్చు వినపడుతుందని భయపడుతున్నాననుకుంటారు. మీ పిన్నీ అదే అనుకుంటోంది. పుచ్చితే నాకేం భయం? అప్పుడు నేను చెప్పింది నిజమవుతుంది. నా భయం అది ఖంగున పలుకుతుందేమోనని. పలికిందా, ఒక మనిషి పడవని నా నోటితో చంపి, నేనే ఎత్తుకొచ్చుకున్నట్టు. తట్టనంతకాలం నేను దొంగనీ కాదు, ఆ పడవ పుచ్చిందీ కాదు. అందుకే అలా గాల్లో నిలబెట్టి పదకొండేళ్ళు తిరిగాను.”

“పిన్నికి తెలుసా ఈ మూట సంగతి?”

“రోజుకి నాలుగుసార్లు దాన్ని దాటుకుని లోపలికి పోతాను. తెలుసో తెలీదో నేను అడగలేదు. తనూ ఎప్పుడూ అక్కణ్ణించి జరపలేదు.”

నేను ఉన్నదున్నట్టు అనేశాను. “కంటి డాక్టరుకి అమ్మేయండి. ఈ రోజుల్లో ఎవడూ తట్టి చూడడు. పిన్నికి కిటికీ వస్తుంది. మందుల షాపాయనకి మీ మీద అనుమానమే లేదు.”

“ఇందాక చుక్కాని తిప్పేదాకా నేనూ అదే అనుకున్నాను. మనసంతా ఆ డాక్టరు మీదే ఉంది, దీవి ఎప్పుడు దాటిపోయిందో చూసుకోలేదు.” ఆయన పడవ వైపు చూశాడు. “ఒకవేళ నిజంగానే పుచ్చి ఉంటే, ఆ డాక్టరు పిల్లలు ఎక్కుతారు. పుచ్చకపోతే అది అమ్ముకోవడానికి నాది కాదు. ఎటు చూసినా తట్టకుండా అమ్మకూడదు.”

“అయితే తట్టండి.”

“నేను తట్టకూడదురా. ఆ నియమం ఊరికే పెట్టలేదు. ఆశ ఉన్న చెవికి పుచ్చు కూడా ఖంగుమంటుంది. నాకైతే రెండు వైపులా ఆశే. ఏ చప్పుడు వచ్చినా నేను నమ్మలేను.”

సంచీలోంచి సుత్తి తీశాడు. పిడి పట్టుకునే చోట నల్లగా, నున్నగా అరిగి ఉంది. నా చేతిలో పెట్టాడు. ఆయన చేతి వేడి ఇంకా దాని మీదే ఉంది. సుద్దముక్క కూడా ఇచ్చాడు. లేచి పడవ కిందికి వెళ్ళి, నాలుగో పలక మీద అరచెయ్యి ఆనించాడు. తర్వాత నా వైపు తిరగకుండానే చెప్పాడు.

“రేపు పొద్దున ఏడింటికి రా. ముందు లోపలిదంతా దింపెయ్యి. కుర్చీలు, ఫ్లాస్కు, మీ పిన్ని గీసిన కాగితాలు, ఆ టోపీ. ఒక్కటి కూడా ఉంచకు, ఉంచితే చెక్క మాట మారిపోతుంది. మొత్తం ఖాళీ అయ్యాక చెప్పులు విప్పి, కళ్ళు మూసుకుని మూడుసార్లు తట్టు. నేను యార్డులో ఉండను. బొద్దుగా పలికితే గుండ్రం గీసి, అమ్మడం లేదని డాక్టరుకి చెప్పు. ఖంగుమంటే మందుల షాపాయనకి ఫోన్ చేసి ఆయన పడవ ఆయన్ని తీసుకెళ్ళమను, సోమవారం దాకా ఆగకు. ఏది పలికినా ఆ తర్వాత మూడో అంతస్తుకి వెళ్ళి, మూట తగలకుండా చూసుకుని, మీ పిన్నికి అంతా చెప్పు. మూట సంగతి కూడా. నాకు మాత్రం నువ్వు చెప్పకు. ఆవిణ్ణే చెప్పనీ.”